ఏడో కాలువ దగ్గర ఆగిన కథ

కడియం,
3 నవంబరు 2025.

బుల్లెమ్మకు మీ వదిన వేంకటరమణ రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని హైమ చెప్పింది. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోన్లో అన్న మాటను నువ్వు మర్నాడు అనలేదంటావు. కాగితం మీద ఆ వీలుండదు. దీనికి కార్బన్ నకలు నా దగ్గర ఉంది. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి. మా ప్రసాదు నర్సరీ నుంచి జీడిమామిడి అంటుమొక్కలు తీసుకుని ప్రతి వారం జంగారెడ్డిగూడెం వచ్చే లారీ డ్రైవరు అబ్బులుకు ఇస్తే నాకు చేరుతుంది.

విషయానికి వస్తాను. మొన్న ఆదివారం నేను ఫోన్లో బొమ్మల పుస్తకం చదువుతుంటే నా మనవరాలు మధ్యలో లేచిపోయింది. ఎందుకు లేచావని అడిగాను. "నువ్వు చదువుతావు అమ్మమ్మా, బుల్లమ్మమ్మ అయితే చెబుతుంది" అంది. ఐదేళ్ల పిల్లకు ఆ తేడా ఎవరు నేర్పారో నాకు తెలుసు.

హైమకూ నువ్వే నేర్పావు. నీ పెళ్లికి ముందు నాలుగేళ్లు నువ్వు రాజమండ్రిలో మా ఇంట్లో ఉన్నావు. నేను పొద్దున్న బండికి తుని వెళ్లి, బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేదాన్ని. 1994 ఫిబ్రవరిలో ఒకరోజు గుమ్మంలో అడుగు పెట్టగానే నీ ఒళ్లో ఉన్న నా కూతురు నన్ను చూసి, "ఆగమ్మా, కథ అవలేదు" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోవాలని ప్రయత్నించనూ లేదు. హైమ బాల్యం నీకు పోయింది. దాని కూతురు బాల్యం పోనివ్వను.

బడి వదిలినప్పటి నుంచి, మీ ఊళ్లోనే కాపురం ఉంటున్న హైమ ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వచ్చేదాకా పాప నీ దగ్గర ఉండక తప్పదు. కనుక మూడు పుస్తకాలు పంపుతున్నాను. రాజమండ్రి పుస్తకాల షాపులో రెండు గంటలు నిలబడి ఎంచినవి. పదకొండు తిప్పి ఇచ్చేశాను. ఒకదాంట్లో నల్లగా ఉన్నవాడే దొంగ. ఒకదాంట్లో సవతి తల్లి. రెండింట్లో చెప్పిన మాట వినని పిల్లకు దెబ్బలు. మిగతావాటిలో బొమ్మ ఒకటి చెబుతుంది, వాక్యం మరొకటి చెబుతుంది. నేను ఎంచిన వాటిలో వాక్యం ఉంటే పేజీకి ఒకటే, పెద్ద అక్షరాలు. నిబంధనలు ఇవి: వేలు అక్షరం కింద పెట్టి చదవాలి. అచ్చులో ఉన్నదే చదవాలి, ఒక్క మాట కలపకూడదు. ఏ తేదీన ఏ పుస్తకం ఎన్ని నిమిషాలు చదివావో ఇందులో పెట్టిన నోటుబుక్కులో రాయాలి.

ఇట్లు,
వేంకటరమణ

*

జంగారెడ్డిగూడెం,
12 నవంబరు 2025.

వదినగారికి బుల్లెమ్మ నమస్కారాలు.

మోకాలు అలాగే ఉందండి. హైమకి తగ్గిందని చెప్పాను, అది ఊరికే బెంగపడుతుందని.

పుస్తకాలు అందాయి. మీరు రాసిన నిబంధనలు గోడకి అంటించుకున్నాను. తూచా తప్పకుండా చేశాను. నోటుబుక్కు పంపుతున్నాను, చూసుకోండి.

మొదటిది గొడుగు పోగొట్టుకున్న ఏనుగు పుస్తకం. అట్ట మీద ఉన్నదంతా చదివాను. అట్ట తిప్పితే ముద్రించినవారి పేరు, వీధి, పిన్‌కోడు, ఫోన్ నెంబరు, అన్ని హక్కులు వారివేనన్న మాట, ఏ సంవత్సరం ఎన్ని ప్రతులు వేశారో, అన్నీ ఉన్నాయి. అచ్చులో ఉన్నాయి కదా అని అవీ వేలు పెట్టి చదివాను. మూడో పేజీలో ఏనుగు "నా గొడుగు ఏది?" అంది. పాప నా మొహం చూసి "ఏది, బుల్లమ్మమ్మా?" అంది. దానికి జవాబు ఆ పేజీలో లేదు. కనుక చెప్పలేదు. ప్రతి పేజీ కింద నెంబరు కూడా చదివాను. పద్నాలుగు నిమిషాలు.

రెండోది బాతుల లెక్క. పది బాతులు. పదీ చదివాను. ఆరో పేజీకి పాప మంచం కిందకి దూరింది. మంచం కింద ఉన్నదానికి కూడా చదవాలని మీరు రాయలేదు గానీ చదివాను.

మూడో పుస్తకంలో ఒక్క అక్షరం లేదండి. మొదటి నుంచి చివరిదాకా బొమ్మలే. అచ్చులో మాట లేదు, మాట కలపకూడదని మీ ఉత్తర్వు. అందుచేత ఇద్దరం నోరు మూసుకుని ఇరవై నిమిషాలు పేజీలు తిప్పాం. పాప మధ్యలో "ఆ కుక్కపిల్ల..." అనబోయింది. "ఊరుకోమ్మా, మీ అమ్మమ్మగారు వద్దన్నారు" అన్నాను. నోటుబుక్కులో ఇరవై నిమిషాలు అని రాశాను.

మీకు సంతోషంగా ఉంటుందని తలుస్తాను.

మీ ఆడపడుచు,
బుల్లెమ్మ

*

కడియం,
20 నవంబరు 2025.

బుల్లెమ్మకు,

పాప ఆ పిన్‌కోడు ప్రార్థన పద్యంలాగా రాగం తీసి చెబుతోంది. హైమ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నిన్న ఫోన్లో నేను నా దగ్గరున్న ఇంకో ప్రతిలో అదే ఏనుగు పుస్తకం తెరిస్తే, "అమ్మమ్మా, అది వీధి పేరుతో మొదలవ్వాలి" అని సరిదిద్దింది.

మాటలు లేని పుస్తకం ఎందుకు పంపానో నీకు తెలియక కాదు. బొమ్మ చూసి పిల్ల తన మాటల్లో కథ అల్లుకోవాలని పంపాను. నా నిబంధనలో దానికి మినహాయింపు రాయకపోవడం నా పొరపాటు. ముప్పై ఆరేళ్లు పరీక్ష పేపర్లు తయారు చేసినదాన్ని, ఆ సందు వదిలాను. నువ్వు దాంట్లో దూరావు. అంతవరకు నీదే పైచేయి.

ఇక నా వంతు. వచ్చే సోమవారం నుంచి పాపకు రోజూ సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటిదాకా నేనే వీడియోలో పుస్తకాలు చదువుతాను. హైమ ఒప్పుకుంది. అల్లుడుగారు పాత టాబ్ ఇచ్చారు. నీ వాలుకుర్చీ పక్కన స్టాండు బిగిస్తారు. మూడున్నర నుంచి ఆరు దాకా పాప నీది. ఎన్ని కథలైనా చెప్పుకో.

చెప్పలేవని నాకు తెలుసు. పగలు కథ చెబితే పిల్ల మేనమామ దారి తప్పుతాడని మా అత్తగారు అనేవారు. దీపం పెట్టకుండా నువ్వు ఏనాడూ నోరు విప్పలేదు. పాపకు ఉన్న మేనమామ ఒక్కడే, నా కొడుకు సత్యప్రసాదు. నువ్వు ఎత్తుకుని పెంచినవాడు. నెలకు ఇరవై రోజులు మొక్కల లారీల వెంట రోడ్డు మీద ఉంటాడు.

నాకు అటువంటి నమ్మకాలు లేవు. నీకున్నాయి. అది చాలు.

వేంకటరమణ

*

జంగారెడ్డిగూడెం,
2 డిసెంబరు 2025.

వదినగారికి నమస్కారం.

మీరు నొప్పి ఉన్న చోటే కొట్టారండి. వారం రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు.

పగలు కథ చెప్పలేదు. పక్కింటి సువార్తమ్మ నవ్వుతోంది. "మా కథలకి వేళాపాళా లేదు బుల్లెమ్మగారూ, మధ్యాహ్నం మూడింటికి కూడా చెప్పుకోవచ్చు" అని పాపని కూర్చోబెట్టుకుని తిమింగలం మింగిన మనిషి కథ చెప్పింది. నేను గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలుచుకుంటూ విన్నాను. బాగుంది. నా ఇంటి గుమ్మంలో కూర్చుని పొరుగింటి కథ వినే రోజు తెచ్చారు, సంతోషం.

మీ వీడియో చదువు గురించి ఒక్క మాట. మీరు పుస్తకం మొహానికి అడ్డంగా పట్టుకుంటారు. ఇక్కడ పాపకి కనిపించేది అట్టా, మీ పది వేళ్లూ. మొన్న నన్ను అడిగింది, "అమ్మమ్మకి మొహం ఎందుకు లేదు?" అని. ఉంది, సర్దుకుంటోంది అన్నాను.

ఇక్కడ బస్టాండు కొట్లో జానపద కథల పుస్తకం ఒకటి కొన్నాను. మీ మీద కోపంతోనే కొన్నాను. మీలాగా ఎంచుదామని తిప్పి చూశాను. అందులో రాక్షసి ఎవరినీ తినదు. పులి చివర క్షమాపణ చెబుతుంది. ప్రతి కథ కిందా గళ్ల గీతలో నీతి. ఎముకలన్నీ తీసేసిన చేపలాగా ఉంది. పిల్లలకి భయం ఉండకూడదని తీసేశారట. భయం లేకపోతే పాప నా చీర కొంగు ఎందుకు పట్టుకుంటుంది? కథలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఆ పట్టుకోవడమే.

ఒక్క ఆదివారం సాయంత్రం నాకు వదిలేయండి. ఆరింటి నుంచి ఎనిమిదింటిదాకా. వారానికి రెండు గంటలు. నా ఇద్దరు మగపిల్లలూ కథ మొదలెడితే చాలు నిద్రపోయేవారు. వినే పిల్లలు నాకు ఇద్దరే దొరికారు. ఇద్దరూ మీవాళ్లే.

బుల్లెమ్మ

*

కడియం,
10 జనవరి 2026.

బుల్లెమ్మకు,

ఆదివారం కుదరదు. ఆదివారం పాపకు అచ్చులు, గుణింతాలతో ఉన్న పుస్తకాలు పెట్టాను. ఇప్పుడు పుస్తకం కిందికి దించే చదువుతున్నాను. మొహం కనిపిస్తోంది. ఆ మాట చెప్పినందుకు నీకు కృతజ్ఞత చెప్పవలసి ఉంది. చెప్పాను.

అసలు రాయవలసింది వేరే. మొన్న గురువారం, ఎనిమిదో తారీఖున, మధ్యాహ్నం రెండింటికి ప్రసాదు అంట్ల లారీలో మీ ఊరు బయల్దేరాడు. అబ్బులు నడిపాడు. ఈ దారిలో వందసార్లు వచ్చినవాళ్లు. దేవరపల్లి దాటాక ఎక్కడో పక్కకు తిరిగి, పొగాకు చేల మధ్య మట్టిరోడ్డులో కూరుకుపోయి, ట్రాక్టరు పెట్టి లాగించుకుని మర్నాడు పొద్దున్న చేరారు. అంట్లు సగం వడలిపోయాయి. ప్రసాదు రెండు పూటలు ఏమీ తినలేదు.

నేను ఇటువంటివి నమ్మనని నీకు ముందే రాశాను. ఇప్పటికీ నమ్మను. అయినా అడుగుతున్నాను. గురువారం బడికి సెలవని, పాప పగలంతా నీ దగ్గరే ఉందని హైమ చెప్పింది. రెండింటి నుంచి నాలుగింటి మధ్య దానికి నువ్వు ఏం చెప్పావు? ఉన్నది ఉన్నట్టు రాయి.

వేంకటరమణ

*

జంగారెడ్డిగూడెం,
17 జనవరి 2026.

వదినగారికి,

ఆ రోజు రెండింటికి పాపకి తలంటి పోశాను. మూడింటికి అట్టు వేసి పెట్టాను. నాలుగింటికి నిద్రపోయింది. కథ చెప్పలేదు. మా అన్నయ్య ఫోటో మీద చెయ్యి వేసి రాస్తున్నాను.

ఆ రోజు ప్రసాదు ఇంకా రాలేదని హైమ చెప్పినప్పటి నుంచి వాడు మర్నాడు నా గుమ్మంలోకి వచ్చేదాకా నేను కూడా ఏమీ తినలేదు. ఆ సంగతి మీరు అడగలేదు. అబ్బులుని నేను అడిగాను. ఫోన్లో మ్యాపు దగ్గర దారి చూపించిందట, వెళ్లాడట. "ఫోన్ చెప్పిందమ్మగారూ, నేనేం చేస్తాను" అన్నాడు. ఆ ఫోన్ని కూడా ఒక ఉత్తరం రాసి అడగండి, పగలు ఏం చెప్పిందో.

నన్ను దొంగని చేశారు. సరే. పాపని వేసవి సెలవులకి కడియం తీసుకువెళతారని హైమ అంది. తీసుకువెళ్లండి. నేను అడ్డు చెప్పను. అప్పటిదాకా సాయంత్రాలు మీవే. స్టాండు కూడా రోజూ తుడిచి పెడతాను.

బుల్లెమ్మ

*

కడియం,
2 మే 2026.

బుల్లెమ్మకు,

ఇంత అణకువ నీ దగ్గర ఎన్నడూ చూడలేదు. జనవరిలోనే నాకు అనుమానం రావలసింది.

ఏప్రిల్ 25 సాయంత్రం పాపను తీసుకురావడానికి నేను మీ ఊరి బస్సులో ఉన్నాను. ఆ రోజు ఆరింటి నుంచి వీడియో చదువు లేదు. ఐదు నెలల్లో నేను ఖాళీ వదిలిన సాయంత్రం అదొక్కటే. ఆ ఒక్కదాన్నీ నువ్వు వాడుకున్నావు.

పాప సెలవుల కోసం ఇరవై రెండు పుస్తకాలు ఎంచి పెట్టాను. చేత్తో తిప్పితే కదిలే బొమ్మలవి, గుడ్డతో కుట్టినవి, కోనసీమ పడవ మీద ఒకటి, మొక్కల మీద రెండు. వారం రోజుల్లో ఒక్కటీ తెరవనివ్వలేదు. కూర్చోబెట్టగానే ఒకటే మాట: "బుట్టలో ఏముంది?"

పాప దగ్గర విన్నంతవరకు రాస్తున్నాను. ఒక పిల్ల మూత వేసిన బుట్ట నెత్తిన పెట్టుకుని ఏడు కాలువలు దాటి వెళుతోంది. ప్రతి కాలువ దగ్గరా పడవవాడు బుట్టలో ఏముందని అడుగుతాడు. ఆ పిల్ల చెప్పదు, దాటించినందుకు ఒంటి మీది నగ ఒకటి తీసి ఇస్తుంది. ఆరు కాలువలకు ఆరు నగలు అయిపోయాయి. ఏడో కాలువ దగ్గర పడవలో ముసలమ్మ కూర్చుని ఉంది. "నాకు నగ వద్దు, మూత తియ్యి" అంది. పిల్ల మూత మీద చెయ్యి వేసింది. అంతే. నువ్వు అక్కడ ఆపి లేచిపోయావు.

మొదటి రోజు బుట్టలో మామిడిపళ్లు ఉన్నాయన్నాను. "కాదు" అంది. రెండో రోజు వాళ్ల అమ్మకు మందు అన్నాను. "మందుకి అంత పెద్ద బుట్టెందుకు" అంది. మూడో రోజు ప్రసాదు వచ్చి పాముందన్నాడు, కాసేపు నవ్వి మళ్లీ మొదలుపెట్టింది. నిన్న, "నీకు రాదులే అమ్మమ్మా, నన్ను బుల్లమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్లిపో" అంది.

నీకు కావలసింది అదే. తెలుసు. పద్నాలుగు పేజీలైనా సరే, మిగతా కథ రాసి అబ్బులు చేతికి ఇవ్వు. ఇది అడగడం నాకు ఎంత కష్టంగా ఉందో కూడా రాస్తున్నాను. నీ సంతోషానికి ఏ లోటూ రాకూడదు.

వేంకటరమణ

*

జంగారెడ్డిగూడెం,
9 మే 2026.

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. రెండోసారి టీ పెట్టుకుని చదివాను.

కావాలనే ఆపాను. మీ బస్సు ఏడున్నరకి వస్తుందని హైమ చెప్పింది. ఆ వేళకి ఏడో కాలువ దగ్గరికి చేరేటట్టు చూసుకుని మొదలుపెట్టాను. మీరు గేటు తీశారు, నేను లేచాను. నాకు అలవాటే. ఆ కథని మీ రాక వేళకి కొలుచుకుని నాలుగేళ్లు చెప్పాను.

ఇక మిగతా కథ. రాయలేనండి. నాకూ రాదు.

అది మా అమ్మ చెప్పిన కథ కాదు. హైమ కోసం నేనే రాజమండ్రిలో అల్లుకున్నాను. మీ బండి వచ్చేలోపు అది ఏడవకుండా ఉండాలని కాలువ తరవాత కాలువ కలుపుతూ పోయాను. బండి ఆలస్యమైతే కాలువ వెడల్పు చేసేదాన్ని. ఏడో కాలువ దగ్గరికి వచ్చేసరికి వీధిలో మీ చెప్పుల చప్పుడు వినిపించేది. అది నా ఒళ్లోంచి దూకి పరుగెత్తేది. ఒక్కనాడూ వెనక్కి తిరిగి బుట్టలో ఏముందని అడగలేదు. మర్నాడు మళ్లీ మొదటి కాలువ నుంచి మొదలు. మీరు వస్తే దానికి కథ అక్కర్లేదు.

మీ లెక్కలో ఒక్క రోజే ఉంది, 1994 ఫిబ్రవరిది. తక్కిన రోజులు మీరు రాసుకోలేదు. ఆ ఒక్క రోజు మాత్రం అది ఆగమంది. ఆ రోజు మూత తీసి ఉండేదాన్ని. బుట్టలో ఏం పెట్టాలో అప్పటికి ఒకటి అనుకున్నాను కూడా. మీరు పిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయారు. మర్నాటి నుంచి దానికి ఎక్కాలు మొదలుపెట్టించారు. నేను అనుకున్నది నాతోనే ఉండి ఉండి ఎప్పుడో పోయింది. ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు.

ముప్పై రెండేళ్లు సగం కథ పట్టుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో మీకు తెలియాలనుకున్నాను. ఇప్పుడు అది మీ ఇంట్లో ఉంది. పాప రోజూ అడుగుతుంది. మీరు మూత మీద చెయ్యి వేసి కూర్చోండి.

మోకాలికి కొత్త మందు ఇచ్చారు. కొంచెం నయం.

బుల్లెమ్మ

*

కడియం,
7 జూన్ 2026.

బుల్లెమ్మకు,

నీ ఉత్తరానికి ఇరవై తొమ్మిది రోజులు జవాబు రాయలేదు. ఈసారి ఆలస్యం కోపంతో చేసింది కాదు.

నువ్వు రాసింది నిజమో కాదో తేల్చుకోవడానికి హైమకు ఫోన్ చేశాను. చిన్నప్పుడు మీ అత్త చెప్పిన కథలో బుట్టలో ఏముందే అని అడిగాను. "తెలీదమ్మా, అక్కడికి వచ్చేసరికి నువ్వు వచ్చేసేదానివిగా" అంది. ఎక్కడిదాకా గుర్తుందని అడిగితే ఏడు కాలువలూ వరసగా చెప్పింది. నా చెప్పుల రంగు కూడా చెప్పింది. ఆ పూట నేను పని ఏమీ చేయలేదు.

1994 ఫిబ్రవరి గురించి నేను రాసింది తప్పు కాదు. సరిపోని లెక్క. ఒక రోజు పట్టుకుని నాలుగేళ్ల మీద మొత్తం కట్టాను. నా దగ్గర చదివిన పిల్ల ఎవరైనా అలా చేస్తే సున్నా వేసేదాన్ని. ఇంతకు మించి రాయను, నువ్వు అడగకు.

జనవరి ఉత్తరం కూడా తప్పే. అబ్బులు ఫోన్ని అడగవలసింది.

అయితే నా ఇంట్లో సగం కథ వదిలినందుకు నిన్ను ఊరికే వదిలేస్తాననుకోకు. హైమతో మాట్లాడిన మర్నాటి నుంచి పాపా నేనూ నర్సరీలో మొక్కల నీడకు కట్టిన వల కింద కూర్చుని మొదలుపెట్టాం. సాయంత్రమే, దీపం పెట్టాక. ప్రసాదు రోడ్డు మీద ఉంటాడు కనుక. పుస్తకం పట్టుకోలేదు. మొదట నాకు మాట రాలేదు. వాక్యం మధ్యలో ఆగిపోతే పాప అందించేది. అది తప్పు చెబితే నేను దిద్దబోయి ఊరుకున్నాను. మూడు వారాలు పట్టింది. మూత తీశాం. ముసలమ్మ లోపలికి చూసింది. ఏం చూసిందో, ఏమందో, ఆ పిల్ల నగలు ఆరూ ఏమయ్యాయో, అంతా తేలింది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అటువంటి ముగింపు లేదు. ఇందులో ఒక రాక్షసి కూడా ఉంది. తింటుంది.

కాగితం మీద పెట్టలేదు. నకలు లేదు.

రేపు మధ్యాహ్నం బస్సులో ప్రసాదు పాపను తెచ్చి నీకు అప్పగిస్తాడు. బుట్టలో ఏముందో బుల్లమ్మమ్మకు ఎంత బతిమాలినా చెప్పనని పాప చేత నా చెయ్యి పట్టించి ఒట్టు వేయించుకున్నాను. నాకు తెలిసినంతలో అది మాట తప్పే పిల్ల కాదు. అట్లు పెట్టినా చెప్పదు.

ఆరింటి నుంచి ఎనిమిదింటిదాకా ఇక నేను ఫోన్ చేయను. ఆ రెండు గంటలూ నీవే, రోజూ. అడుగుతూ కూర్చో.

వేంకటరమణ